మూడో నంబరు క్యాసెట్

నాకు మనుషుల్ని నమ్మడం చేతకాదు. గొప్పకి చెప్పుకోవడం లేదు, అది పుట్టుకతో వచ్చిన పాడు గుణం. పామర్రు అవతల మా ఊళ్లో పాలావిడ వస్తే మా అమ్మ ముందు పాలలో వేలు ముంచి, గోటి మీద చుక్క నిలుస్తుందో జారుతుందో చూసేది. ఆ తర్వాతే గిన్నె పట్టేది. ఆ పాలావిడ ఆదివారం చర్చిలో మా పక్కనే కూర్చుని మాతోపాటు పాటలు పాడేది. అయినా సోమవారం పొద్దున పాలలో వేలు పడేది. నేను ఆ ఇంట్లో పెరిగాను.

అలాంటిదాన్ని ఎక్స్‌రే గదిలో ఉద్యోగానికి పెట్టారు. డెబ్బైల్లో, బెజవాడలో, ఒక ప్రైవేటు ఆసుపత్రిలో. ఆ రోజుల్లో ఆసుపత్రిలో ఆడది కనిపిస్తే నర్సే అనుకునేవాళ్లు. మెడ నుంచి మోకాళ్ల దాకా సీసపు ఆప్రాన్ కట్టుకుని, గుంటూరులో చదివి తెచ్చుకున్న సర్టిఫికెట్ గోడకి తగిలించుకుని నిలబడ్డా, వచ్చినవాళ్లు "నర్సమ్మగారూ, డాక్టరుగారు ఎక్కడుంటారండీ" అని నన్నే అడిగేవాళ్లు. మొదట్లో సరిదిద్దేదాన్ని. తర్వాత విసుగొచ్చి, డాక్టరుగారి గది వైపు చెయ్యి చూపించి ఊరుకునేదాన్ని.

ఎక్స్‌రేని పట్టేది ఫిల్ము అని అందరూ అనుకుంటారు. నిజానికి పట్టేది క్యాసెట్. పలక లాంటి రేకు పెట్టె అది. అడుగున ఒక తెల్లటి అట్ట, మూతకి ఒక తెల్లటి అట్ట ఉంటాయి, వాటిని స్క్రీన్లు అంటాం. రెండింటి మధ్య ఫిల్ము పెట్టి మూత బిగిస్తాం. ఎక్స్‌రే తగలగానే ఆ స్క్రీన్లు నీలంగా వెలుగుతాయి, ఆ వెలుగుకి ఫిల్ము మీద బొమ్మ పడుతుంది. మూతకీ స్క్రీనుకీ మధ్య మందపాటి ఫెల్టు గుడ్డ ఒకటి ఉండి, స్క్రీన్ని ఫిల్ముకి అదిమి పెడుతుంది. అక్కడ వెంట్రుక మందం ఖాళీ వచ్చినా వెలుగు చెదిరి గీత మసకబారుతుంది. విరిగిన చెయ్యికైతే ఆ మసక పెద్ద లెక్కలోది కాదు. దారప్పోగంత రక్తనాళం కనపడాలంటే మాత్రం అదే ప్రాణం.

రక్తనాళాల ఫిల్ములు మా ఆసుపత్రికి తెచ్చింది మా సర్జన్‌గారు. పైఊళ్లో పని నేర్చుకుని వచ్చిన మనిషి, ముప్పై ఐదేళ్లుంటాయి, మర్యాదస్తుడే గాని ముక్కు మీద కోపం. మన డెల్టాలో చుట్టలు కాల్చి కాల్చి, రక్తం కిందికి దిగక, కాలివేళ్లు నల్లబడి వచ్చేవాళ్లు ఎక్కువ. ఆయన రాకముందు అలాంటివాళ్లకి కాలు కోసి పంపడమే వైద్యం. ఈయన గజ్జలో ధమనికి సూది గుచ్చి, రంగు మందు ఎక్కించి, అది ఎక్కడిదాకా వెళుతుందో ఫిల్ము తీయించి, మోకాలి కింద నాళం ఎక్కడైనా తెరిచి ఉంటే తొడలోంచి సిర తీసి అక్కడికి దారి కలిపేవారు. నాళం లేకపోతే మోకాలి పైన కొయ్యాల్సిందే. ఉందో లేదో చెప్పేది నా ఫిల్ము.

పెద్ద ఊళ్లలో ఫిల్ములు వాటంతట అవే మారే యంత్రాలు ఉన్నాయని ఆయన చెప్పేవారు. మాకు మాత్రం ఒక వడ్రంగి చేసిన చెక్క సొరంగం ఉండేది. కాలు దాని మీద పెట్టి, కింద నుంచి ఒకదాని తర్వాత ఒకటి ఐదు క్యాసెట్లు చేత్తో లాగేవాళ్లం. నాలుగింటిలో మామూలు స్క్రీన్లు. మూడో నంబరులో మాత్రం మద్రాసు నుంచి ప్రత్యేకంగా తెప్పించిన సన్న రేణువుల స్క్రీన్లు. వెలుగు తక్కువ, స్పష్టత ఎక్కువ. ఒక జతే వచ్చింది. మోకాలి కింద సన్న నాళాల కోసం ఎప్పుడూ ఆ మూడో నంబరే వాడేవాళ్లం. ప్రతి క్యాసెట్ మూలా సీసపు అంకె ఒకటి అతికించి ఉంటుంది, ఆ అంకె ఫిల్ము మీద కూడా పడుతుంది.

డార్క్‌రూములో ఫిల్ములు కడిగే ఆయన నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. నేను బాబాయ్ అనేదాన్ని, ఆయన మేడంగారూ అనేవాడు. నోట్లో నాలుక లేని మనిషి. అదే నాకు గిట్టేది కాదు. ఎక్కువ మాట్లాడేవాణ్ణి ఎలాగో పట్టుకోవచ్చు, మాట్లాడనివాణ్ణి ఏం చూసి పట్టుకుంటాం? ఫిల్ములు కడిగాక మిగిలే హైపో మందులో వెండి ఉంటుందని, వన్ టౌన్‌లో దాన్ని కొనేవాళ్లు ఉన్నారని ఎవరో అన్నారు. ఆ రోజు నుంచి ఆయన ఖాళీ క్యాను పట్టుకుని మెట్లు దిగినా నా కళ్లు వెంట వెళ్లేవి. "ఎక్కడికి బాబాయ్?" అంటే "పారబోయడానికండీ" అనేవాడు. ఒకసారి ఆయన వెనకే వెళ్లి చూశాను కూడా. పారబోశాడు. నేను చూస్తున్నానని తెలిసి పారబోశాడని నా మనసు చెప్పింది. అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు.

కార్తీకం వెళ్లిపోయే రోజుల్లో ఒక రైతు వచ్చాడు. పామర్రు వైపు మనిషే, మా ఊరికి నాలుగు మైళ్లు. నలభై దాటి ఉంటాడు, గట్టి మనిషి. కుడికాలి చివరి రెండు వేళ్లు నల్లగా, ఎండు ఖర్జూరాల్లా ఉన్నాయి. రాత్రంతా కాలు మంచం మీంచి కిందికి వేలాడేసుకుని కూర్చుంటాడట, పడుకుంటే పోటు. ఆయన భార్య వెంట వచ్చింది. నన్నూ, మిషన్నీ, గోడ మీది సర్టిఫికెట్నీ వరసగా చూసింది. ఏదీ ఆవిడకి నచ్చినట్లు లేదు.

"మా ఊళ్లో ఒకాయన్ని వేలికి దెబ్బ తగిలిందని ఆస్పత్రికి తీసుకెళ్తే కాలు తీసేసి పంపించారండి" అంది.

"ఏ ఆస్పత్రిలో?"

"ఏదైతేనేంటండీ, అన్నీ ఒకటేగా."

ఆవిడ మీద నాకు అప్పుడే అభిమానం పుట్టింది.

రైతు మాత్రం మెత్తగా మాట్లాడాడు. "కాలు ఉండేట్టు చూడండి నర్సమ్మగారూ. దాళ్వా పంటకి దమ్ము చెయ్యాలి. పొలం కౌలుకిస్తే మళ్లీ చేతికి రాదండి. మా అన్నదమ్ముల సంగతి మీకు తెలవదు." అక్కడ కూడా అనుమానమే. మోకాలి లోతు బురదలో నాగలి వెనక నడవడానికి ఆయనకి రెండు కాళ్లూ కావాలి, నేను చూసి చెప్పాల్సింది ఆ రెండోది ఉంటుందా అని.

శనివారం పొద్దున ఫిల్ములు తీశాం. సర్జన్‌గారు గజ్జలో సూది పెట్టారు. రంగు మందు లోపలికి పోతుంటే కాల్లో నిప్పు పోసినట్లు ఉంటుంది, అది అందరికీ ముందే చెబుతాను. కదలొద్దని కూడా చెబుతాను. ఈయన పళ్లు బిగించి, నా ఆప్రాన్ అంచు పట్టుకుని, ఒక్క అంగుళం కదల్లేదు. ఆ పట్టు నాకు గుర్తుంది. బాబాయ్ సొరంగంలోంచి క్యాసెట్లు లాగుతుంటే నేను బటన్ నొక్కుతూ నంబర్లు లెక్కపెట్టాను.

అరగంటలో తడి ఫిల్ములు వెలుగు పెట్టె మీద వేలాడాయి. తొడలో నాళం సగంలో మూసుకుని ఉంది, పక్క దారుల్లోంచి మోకాలి దాకా రక్తం వస్తోంది. మోకాలి కింద నాలుగు వేళ్ల దూరం దాకా తెల్లటి గీత కనపడుతోంది. ఆ తర్వాత ఏమీ లేదు. సర్జన్‌గారు ఒకటికి రెండుసార్లు చూసి, పెదవి విరిచారు.

"సోమవారం మోకాలి పైనుంచి తీసేద్దాం. వాళ్లకి మీరే ఫిల్ము చూపించి చెప్పండి. మీరు చెబితే వింటారు."

అది నాకున్న పేరు. కాలు తీయించుకోమంటే ఎవరూ ఒప్పుకోరు, డాక్టర్లు కావాలని కోస్తారని అనుకుంటారు. అప్పుడు నేను ఫిల్ముని కిటికీ వెలుగుకి పెట్టి, "ఇదిగో, కాలవ ఇక్కడిదాకా వచ్చింది. ఇక్కడి నుంచి నీళ్లు లేవు. నీళ్లు లేని పొలం ఎండుతుందా లేదా?" అనేదాన్ని. కాలవల కింద బతికేవాళ్లకి అంతకంటే చెప్పక్కర్లేదు. నా మొహం చూసి కాదు, ఫిల్ము చూసి నమ్మేవాళ్లు. అది నాకు లోపల గర్వంగా ఉండేది.

ఆ దంపతుల్ని పిలిచే ముందు ఫిల్ము ఆరబెట్టి, ఒకసారి నేనొక్కదాన్నే కిటికీ దగ్గర పట్టుకున్నాను. కాలవ ఆగిన చోట వేలు పెట్టి చూపించడం రిహార్సల్ చేసుకుంటున్నాను. వేలు పెట్టాను. ఆ వేలు ఇంతకుముందు కూడా సరిగ్గా అక్కడే పెట్టాను.

శ్రావణంలో ఒక మనిషికి ఇలాగే చూపించాను. వన్ టౌన్‌లో బస్తాల బండి లాగే హమాలీ. కాలు ఇవ్వనంటే ఇవ్వనని రెండు రోజులు మంచం పట్టుకుని కూర్చున్నాడు. మూడో రోజు నేను వెళ్లి ఫిల్ము చూపించి కాలవ కథ చెప్పాను. ఒప్పుకున్నాడు. మోకాలి పైన తీసేశారు.

పాత కవర్లు ఉన్న బీరువా తెరిచి ఆ ఫిల్ము వెతికి తీశాను. మూలన మూడో నంబరు. రైతు ఫిల్ము మీద దాన్ని పెట్టి కిటికీకి ఆనించాను. హమాలీది పొడుగు కాలు, రైతుది పొట్టి కాలు. మోకాళ్లు ఒకచోట లేవు. కానీ నాళం మాయమైన చోటు మాత్రం రెండింటిలోనూ ఒకటే. కాలుని బట్టి కాదు, క్యాసెట్‌ని బట్టి.

అప్పుడు ఎముకలు చూశాను. కాలికి బయటి పక్కనున్న సన్న ఎముకలో గీతలన్నీ స్పష్టంగా ఉన్నాయి. మధ్యలో ఉన్న పెద్ద ఎముక మాత్రం ఆ చోటు నుంచి కిందికి నున్నగా, సబ్బు రాసినట్లు ఉంది. రక్తం ఆగిపోయిందంటే సరే. ఎముక ఎందుకు మసకబారుతుంది?

రెండు ఫిల్ములూ పట్టుకుని సర్జన్‌గారి గదికి వెళ్లాను. ఆయన వినగానే చిరాకు పడ్డారు.

"కాలు కదిలించి ఉంటాడండీ. మందు మంటకి అందరూ కదులుతారు."

"కాలు కదిలితే రెండెముకలూ కదలాలి కదా సార్. ఒకటే ఎలా కదులుతుంది?"

ఆయన ఫిల్ము తీసుకుని చాలాసేపు చూశారు. "అయితే మళ్లీ రంగు ఎక్కించమంటారా? అది మంచినీళ్లు కాదు. ధమనికి ఇంకోసారి సూది, ఇంకోసారి మందు. మీ అనుమానం కోసం నేను పేషెంటుని పొడవలేను."

"అనుమానం కాదని రుజువు చూపిస్తే?"

"సోమవారం పొద్దున తొమ్మిదింటికి ఆపరేషన్. అప్పటిలోగా చూపించండి."

బయటికి వచ్చేసరికి రైతు భార్య వరండాలో నిలబడి ఉంది. "ఏమైందండీ, బొమ్మ చూపిస్తామన్నారుగా" అంది. సోమవారం చూపిస్తానన్నాను. "ఇవాళ ఎందుకు చూపించరు?" అంది. చేతిలోని ఫిల్ములు వీపు వెనక్కి పెట్టుకున్నాను. ఆవిడ నా కళ్లలోకి చూసి, చీర కొంగు భుజం మీద సర్దుకుని, మొగుడి మంచం దగ్గరికి వెళ్లి, నా వైపు వీపు పెట్టి కూర్చుంది.

నేను తిన్నగా డార్క్‌రూముకి వెళ్లాను. నా మనసులో దొంగ అప్పటికే దొరికిపోయాడు. బాబాయ్ ఫిల్ములు కడిగే మందు పల్చన చేస్తున్నాడు, మిగిలింది ఎక్కడో అమ్ముకుంటున్నాడు, అందుకే ఫిల్ములు మసకబారుతున్నాయి. పల్చటి మందుకి ఫిల్మంతా చెడాలి గాని మధ్యలో మాత్రమే ఎందుకు చెడుతుందని అప్పుడు ఆలోచించలేదు. కోపంలో ఉన్నప్పుడు చదివిన చదువు గుర్తు రాదు.

"బాబాయ్, మందులో నీళ్లు కలుపుతున్నావా?"

"లేదండీ."

"అయితే మూడో నంబరు ఫిల్ములు ఎందుకు పాడవుతున్నాయి?"

మూడో నంబరు అనగానే ఆయన చేతిలోని ఫిల్ములు తగిలించే హాంగర్ కిందపడింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్లు వెంటనే వంగి దాన్ని తీసి, తుడిచి, మళ్లీ తుడిచి, "నాకు తెలియదండీ" అన్నాడు. తెలుసని నాకు తెలిసింది. ఎంత గదమాయించినా ఇంక నోరు విప్పలేదు.

మర్నాడు ఆదివారం. చర్చిలో కూర్చున్నానే గాని పాస్టరుగారు ఏ వాక్యం చదివారో గుర్తులేదు. గుంటూరులో మా మాస్టారు చెప్పిన ఒక పరీక్ష గుర్తొచ్చింది. క్యాసెట్ మీద సన్న ఇనుప జాలీ పరిచి ఎక్స్‌రే తీయాలి. లోపల అంతా సరిగ్గా అదుముకుని ఉంటే జాలీ గళ్లన్నీ ఒకేలా కనపడతాయి. ఖాళీ ఉన్నచోట గళ్లు మసకబారతాయి. ప్రార్థన అయ్యాక ఆసుపత్రి క్యాంటీనుకి వెళ్లి వంటావిణ్ణి పిండి జల్లెడ అడిగాను. చట్రం ఊడదీస్తానంటే ఆవిడ ఒప్పుకోలేదు.

"ఎక్స్‌రేకి జల్లెడెందుకండీ? కాలు జల్లిస్తారా ఏంటి?"

రేపు కొత్తది తెచ్చిస్తానని నా సిలువ మీద ఒట్టేస్తే ఇచ్చింది. ఒట్టు నిలబెట్టుకున్నాను.

సెలవు రోజు కాబట్టి డార్క్‌రూములో ఎవరూ లేరనుకున్నాను. బాబాయ్ ఉన్నాడు. మూడో నంబరు క్యాసెట్ ముందు పెట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు. నేను ఏమీ అడగకుండా దాన్ని తీసుకుని, ఫిల్ము వేసి, జాలీ పరిచి, బటన్ నొక్కాను. కడగడం ఆయనే కడిగాడు. ఎర్ర లైటు కింద ఇద్దరం ట్రేలోకి వంగి చూస్తున్నాం. అంచుల్లో జాలీ గళ్లు ఒక్కొక్కటే సూదితో గీసినట్లు తేలాయి. మధ్యలో అరచేతంత వెడల్పున, కింది అంచు దాకా, జాలీయే లేదు. మబ్బు పట్టినట్లుంది.

"ఏం చేశావు బాబాయ్?"

ఆయన క్యాసెట్ మూత తెరిచి, స్క్రీన్ అంచు గోటితో మెల్లగా లేపాడు. కింద ఫెల్టు. ఫెల్టు కూడా లేపాడు. దాని వెనక రేకు మీద, ఎండి రాయైన అన్నం మెతుకులు.

ఆషాఢంలో ముసురు పట్టినప్పుడు తేమకి ఫెల్టు ఊడిందట. పోస్టు కవరు అంటించినట్లు, పుస్తకానికి అట్ట వేసినట్లు, తన క్యారేజీలో అన్నం మెదిపి బొటనవేలితో అదిమి అంటించాడు. మా డెల్టాలో పుట్టినవాడు ఎవడైనా అదే చేస్తాడు, మా ఇంట్లో నేనూ చేస్తాను. కొన్నిచోట్ల మెతుకు గట్టిపడి గడ్డకట్టింది. మధ్యలో ఉన్నదాన్ని చీమలు తినేశాయి. గడ్డలున్న చోట ఎత్తు, తినేసిన చోట బోలు. మూత పైకి మాత్రం గట్టిగానే బిగుసుకునేది.

"నాతో చెప్పొచ్చుగా. ఆ రోజే చెప్పొచ్చుగా."

"ఎట్టా చెప్పనండీ? మద్రాసు నుంచి వచ్చిన సామాను. నేనే పాడుచేశానంటారు. ఇదివరకే నన్ను దొంగని చూసినట్టు చూస్తున్నారు మేడంగారూ. క్యాను పట్టుకుంటే మెట్ల మీద నిలబడి చూస్తారు." గొంతు పెంచలేదు, తప్పించుకోవాలనీ చూడలేదు. "ఊడితే అంటించాను. మంచిగానే అంటుకుందనుకున్నానండి."

నేను ఆ ఎర్ర లైటులో ఆయన మొహం సరిగ్గా చూడలేకపోయాను, ఆ లైటు వల్ల కాదు. ఆయన దొంగ కాడు. ఆయన్ని నేను నమ్మి ఉంటే, ఫెల్టు ఊడిన రోజునే నా బల్ల దగ్గరికి వచ్చేవాడు. నేను కొత్త జిగురు తెప్పించేదాన్ని. ఆయన మీద నాకున్న అనుమానం ఎవరి కాలూ కాపాడలేదు, ఆయన నోరు మాత్రం కుట్టేసింది.

ఆ మధ్యాహ్నమంతా ఇద్దరం కలిసి పనిచేశాం. సన్న రేణువుల స్క్రీన్లు జాగ్రత్తగా ఊడదీసి, మచ్చ పడకుండా దూదితో తుడిచి, అదే సైజున్న ఐదో నంబరు క్యాసెట్‌లో మంచి ఫెల్టు మీద అతికించాం. ఈసారి సైకిలు షాపులో దొరికిన రబ్బరు జిగురుతో. మళ్లీ జాలీ పెట్టి తీస్తే ఈ మూల నుంచి ఆ మూల దాకా గళ్లు గళ్లుగా వచ్చింది.

సోమవారం ఎనిమిదింటికే రెండు జాలీ ఫిల్ములు సర్జన్‌గారి బల్ల మీద పెట్టాను. ఫెల్టు తేమకి ఊడిందని చెప్పాను. అన్నం సంగతి చెప్పలేదు. నేను ఒకరి తప్పు కప్పిపుచ్చడం అదే మొదటిసారి. ఆయన ఫిల్ములు చూశారు, నన్ను చూశారు, ఫోను తీసి థియేటర్‌కి ఆపరేషన్ ఆపమని చెప్పారు.

మళ్లీ సూది వెయ్యాలంటే రైతు ఒప్పుకున్నాడు గాని ఆయన భార్య అడ్డం నిలబడింది. "మొన్న తీసింది ఏమైంది? పోగొట్టారా?" అంది.

"పోలేదమ్మా. తప్పు వచ్చింది. మా డబ్బాలో లోపం."

"తప్పు మాదే అన్న ఆస్పత్రి నేను చూళ్ళేదు" అని పక్కకి తప్పుకుంది.

ఈసారి కూడా ఆయన కదల్లేదు. ఫిల్ము నేనే కడిగాను, బాబాయ్ పక్కనే నిలబడ్డాడు. నీళ్లలోంచి పైకి తీసి లైటుకి పెడితే, మోకాలి కింద తెల్లటి గీత ఆగలేదు. సన్నగా, పురి విప్పిన దారంలా, రెండెముకల మధ్య నుంచి చీలమండ దాకా దిగింది. బాబాయ్ దండం పెట్టాడు. నాకు ఏడుపొచ్చింది, మొహం కడుక్కునే నెపంతో కుళాయి తిప్పాను.

సర్జన్‌గారు సిర తీసి దారి కలిపారు. రెండు వేళ్లు పోయాయి, కాలు నిలబడింది. చుట్ట మానమని చెప్పి పంపారు. మానాడో లేదో నాకు నమ్మకం లేదు గాని, దాళ్వాకి దమ్ములో దిగాడని తర్వాత మా ఊరివాళ్లు చెప్పారు.

అంతా అయ్యాక సర్జన్‌గారి గదిలో శ్రావణం నాటి ఫిల్ము బల్ల మీద పెట్టాను. ఆయనే అన్నారు.

"ఆ కేసు వేరండీ. అతనికి ఆ కాలు ఎలాగూ ఉండేది కాదు."

ఆయన చాలా ఆలోచించి మాట్లాడే మనిషి. ఆ ఒక్క మాట మాత్రం ఆలోచించకుండా అన్నారు. నిజమే కావచ్చు. ఆ హమాలీకి నాళం ఉందో లేదో ఆ ఫిల్ము చెప్పదు, ఇంకో ఫిల్ము తీయడానికి కాలు లేదు. "అతనికి చెప్పాలా సార్?" అన్నాను. "ఏమని చెబుతారు?" అన్నారు. తర్వాత ఇంకొంచెం మెత్తగా, "చెప్పి ఏం ఇస్తారు అతనికి?" అన్నారు.

నెల రోజులు ఆగాను. ఆగలేక ఒక సాయంత్రం పని అయ్యాక వన్ టౌన్ వెళ్లాను. కవరు మీద ఉన్న అడ్రసు పట్టుకుని, బస్తాల బండ్ల మధ్య నుంచి తప్పుకుంటూ, గోడౌన్ల సందులో అడిగితే వెంటనే చూపించారు. ఒక గోడౌన్ అరుగు మీద కూర్చుని గోనె సంచులు కుడుతున్నాడు. పక్కన చంకకర్ర. ఆయన భార్య చిరిగిన సంచులు వేరు చేస్తోంది.

నన్ను చూడగానే గుర్తుపట్టాడు. లేవబోయి, లేవలేక, చేతులు జోడించాడు. పక్కనున్న ఇద్దరు హమాలీలతో, "ఈయమ్మే బొమ్మ చూపించింది. డాక్టర్లు ఎన్ని చెప్పినా నమ్మలేదు నేను. ఈయమ్మ కిటికీలో పెట్టి, కాలవ ఇక్కడాగిపోయిందయ్యా అని చూపించింది. కళ్లతో చూశాక ఇంకేం అంటాం? లేకపోతే కుళ్లి చచ్చేవాణ్ణి" అన్నాడు. ఒకణ్ణి పంపి నాకు సోడా తెప్పించాడు.

చెబుదామనే వెళ్లాను. దారంతా మాటలు కూర్చుకున్నాను. మా డబ్బాలో లోపం, ఆ రైతు భార్యతో అంత సులువుగా అన్న మాట. ఇక్కడ ఆ మాట నోటి దాకా వచ్చి ఆగింది. ఆయన తన కాలుకి ఒక కారణం పెట్టుకుని, దాని మీద ఆనుకుని కూర్చున్నాడు. దాన్ని లాగేస్తే ఏం మిగులుతుందో నాకు తెలియదు. అది జాలి అనుకున్నాను. భయం కూడా అయ్యుండొచ్చు. సోడా తాగేసి, వస్తానని చెప్పి లేచాను.

సందు చివర దాకా వెనక అడుగుల చప్పుడు వినపడింది. ఆయన భార్య. చేతికి గోనె పీచు అంటుకుని ఉంది.

"ఎందుకొచ్చారమ్మా?" అంది.

"ఎలా ఉన్నాడో చూద్దామని."

"అందర్నీ ఇట్టాగే చూడ్డానికి పోతారా?"

నేను అవునన్నాను.

ఆవిడ కళ్లలో కోపం లేదు, కన్నీళ్లు లేవు. పాలలో వేలు ముంచి చూసే మనిషి ఎలా చూస్తుందో నాకు తెలుసు, అలాగే చూసింది. ఎంతోమందిని ఊరికే అనుమానించినదాన్ని నేను. నన్ను అనుమానించాల్సిన చోట అనుమానించింది ఆవిడొక్కతే. ఆవిడకి నేను నిజం చెప్పలేదు.